మిస్టరీలు చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి? గోదావరి ఒడ్డున ఒకటి రాయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. రావులపాలెంలో ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు. రాత్రిళ్లు ఓటీటీలో క్రైమ్ సిరీస్‌లు వరసపెట్టి చూస్తారు. పుస్తకం పట్టుకుంటే మాత్రం నలభై యాభై పేజీలకే ఆగిపోతున్నారు, లేదంటే ఉండబట్టలేక హంతకుడెవరో ఫోన్లో వెతికేసుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, పుస్తకం ముందా సినిమా ముందా అని అడిగారు. చివర్లో, మన గోదావరి జిల్లాల్లో జరిగే మిస్టరీ ఒకటి రాయాలనుంది గానీ "కొబ్బరిచెట్లు, కాలువలు తప్ప ఇక్కడేముంది రాయడానికి" అని సందేహపడ్డారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నవలతో కాదు, కథలతో మొదలుపెట్టండి. పుస్తకం ముందు, తెర తర్వాత. ముడి విప్పే అధ్యాయం దగ్గర ఒక రాత్రి ఆగండి. ఇక రాయడం అంటారా, మీరు తీసిపారేసిన ఆ కాలువలే మీ పెట్టుబడి. దాని గురించి కింద వివరంగా రాస్తాను. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన ముక్క అదే.

నేను అమలాపురంలో 1979 నుంచి 2006 వరకు అద్దె పుస్తకాల షాపు నడిపాను. మొదట్లో రోజుకి పావలా, మూసేనాటికి రెండు రూపాయలు. ఖాకీ అట్ట వేసి, వెన్ను మీద నంబరు రాసి, అరల్లో నిలబెట్టేదాన్ని. వీక్లీల్లోంచి సీరియళ్లు చింపి బైండు చేయించినవే ఒక బీరువా నిండా ఉండేవి. ఎవరికి ఏ డిటెక్టివ్ పుస్తకం ఇవ్వాలి, ఎవరు దాన్ని ఎన్నో పేజీలో వదిలేస్తారు అన్నది కౌంటరు దగ్గర కూర్చునే నేర్చుకున్నాను. షాపు మూసేశాక కూడా ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద పదిమందిమి చేరి ఒక కథ చదువుకుంటున్నాం. కింద చెప్పేవన్నీ ఆ కౌంటరు దగ్గరివీ, ఈ అరుగు మీదివీ.

కథలతో ఎందుకంటే, మిస్టరీ చదవడం అలవాటుతో వచ్చే పని. మూడు వందల పేజీల నవలలో పన్నెండు పేర్లు, నాలుగు ఇళ్లు, రెండు వీలునామాలు గుర్తు పెట్టుకోవాలి. సిరీస్ చూసేటప్పుడు ముఖాలు మీకు ఆ పని చేసి పెడతాయి. పుస్తకంలో ముఖాలుండవు. అందుకే యాభయ్యో పేజీకి "ఈ రామ్మూర్తి ఎవరు, ఆ రామలింగం ఎవరు" అని విసుగొస్తుంది. అది మీ లోపం కాదు. ముప్పై పేజీల కథైతే ఒక్క కూర్చుడులో అయిపోతుంది, ఎక్కడేం చెప్పారో వెనక్కి తిరగేసి చూసుకోవచ్చు. ఇలాంటి కథలు అసలు పుట్టింది కూడా చిన్న కథలుగానే. ఎడ్గార్ అలన్ పో 1841లో పారిస్ వీధిలో హత్యల మీద రాసిన కథనే చాలామంది మొదటిదిగా లెక్కపెడతారు. షెర్లాక్ హోమ్స్ 1887లో నవలలో పుట్టినా, జనం ఎగబడింది మాత్రం 1891లో స్ట్రాండ్ పత్రికలో నెలకో కథ వేయడం మొదలుపెట్టాకే.

మా అరుగు మీద కొత్తగా వచ్చినవాళ్లకి ఎప్పుడూ ఒకే కథ ఇస్తాను. హోమ్స్‌ని పుట్టించిన కానన్ డాయల్ 1892లో రాసిన ‘సిల్వర్ బ్లేజ్’. పందెపు గుర్రం ఒకటి రాత్రికి రాత్రి సాలలోంచి మాయమవుతుంది. దానికి శిక్షణ ఇచ్చేవాడు బయట మైదానంలో చచ్చి పడుంటాడు. సాలలో కుక్క ఉంది, అయినా ఆ రాత్రి మొరగలేదు. కాపలా కుర్రాడు ఆ పూట తిన్న మాంసం కూరలో నల్లమందు కలిసింది. ఇంతే సరుకు.

మూడేళ్ల కిందట ఈ కథ చదువుతున్నప్పుడు ఇద్దరు కొత్తవాళ్లున్నారు. ఒకాయన కొబ్బరి దింపు తీసే మనిషి, ఇంకొకావిడ కాలేజీ పిల్లలకి మెస్ నడుపుతారు. ఇద్దరూ అంతకు ముందు ఒక్క డిటెక్టివ్ కథ చదివి ఎరగరు. కుక్క దగ్గరికి రాగానే దింపాయన ఆపమని చెయ్యెత్తారు. "ఆయ్, నన్ను చూసి చాలా ఇళ్లల్లో కుక్కలు మొరగవండి. రెణ్ణెల్లకోసారి దింపుకెళ్తాను గదా. కొత్త కుర్రాణ్ణి తీసుకెళ్తే వాణ్ణి చూసి మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాయి" అన్నారు. మెస్సావిడ కూర దగ్గర పట్టుకున్నారు. "నల్లమందు చేదు కదండీ, పప్పులో కలిపితే మొదటి ముద్దకే తెలిసిపోద్ది. మసాలా దట్టించిన కూరే కావాలి. మరి ఆ పూట ఆ కూర చేయమన్నదెవరు?" అన్నారు. హోమ్స్ వేసిన రెండు అడుగులూ అవే. సగం దాకా చెప్పేశాను, మిగతా సగం మీరే చదువుకోండి.

ఇది ఎందుకు చెప్పానంటే, మిస్టరీ పట్టుకోవడానికి పెద్ద తెలివి కావాలనుకుని చాలామంది భయపడతారు. కావలసింది తెలివి కాదండి, మీ చేతికి తెలిసిన పని. మీరు కంప్యూటర్ల మీద పనిచేస్తారు కాబట్టి, కథలో ఎవరైనా ఫోన్ సందేశం చెరిపేశానంటే మీకు కలిగే అనుమానం నాకు కలగదు. ఆ అనుమానాన్ని నమ్మి, పేజీ పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. అద్దె పుస్తకమైతే కాగితమ్ముక్క మీద రాసుకోండి. పుస్తకాల మీద రాతలు ఎంత చెరుపు చేస్తాయో నాకు తెలుసు.

ఇక ఒక రాత్రి ఆగమన్నాను కదా, దాని వెనక ఒక సంగతి ఉంది. అద్దె షాపులో డిటెక్టివ్ పుస్తకాలకి రెండు జబ్బులు. ఒకటి, ఎవరో ఒకరు పదిహేడో పేజీ అంచున "హంతకుడు డాక్టరే" అని రాసిపెట్టడం. రోజూ పొద్దున్నే షాపు తీయగానే రబ్బరు పట్టుకుని ఇవి చెరిపేదాన్ని. రెండోది, చివరి కాగితాలు చిరిగిపోవడం. 1984లో ఒక బ్యాంకు ఉద్యోగి తీసుకెళ్లిన నవలలో చివరి ఆరు కాగితాలు లేవు. తిరిగి తీసుకునేటప్పుడు పేజీలు లెక్కపెట్టకపోవడం నా తప్పే. మర్నాడు కోపంగా వచ్చారు. నేను చదివిన పుస్తకమే కాబట్టి ముగింపు చెప్పేస్తానన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "వద్దండి, చెప్పకండి, కొత్త కాపీ తెప్పించండి" అన్నారు.

విజయవాడ నుంచి కాపీ రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఆయన ఆ చిరిగిన పుస్తకాన్నే రెండుసార్లు చదివారు. కొత్తది వచ్చిన రోజు విప్పకుండానే ఒక డిపాజిట్ స్లిప్పు నా ముందు పెట్టారు. వెనక హంతకుడి పేరుంది, సరిగ్గానే ఉంది. దాని కింద ఇంకో వాక్యం: "గడియారం అప్పటికే ఆగి ఉంది, 62వ పేజీ చూడండి." వెళ్లి చూశాను. పనమ్మాయి గడియారానికి కీ ఇవ్వడం మరిచిపోయానని యజమానురాలితో మాట్లాడుతూ అంటుంది, అంతే. నాలుగేళ్లుగా నేను పదిమందికి ఇస్తున్న పుస్తకమది. ఆ వాక్యం నాకు కనపడనే లేదు, ఎందుకంటే నేనెప్పుడూ ముగింపు కోసం పరిగెత్తాను. అప్పట్నుంచి అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను: డిటెక్టివు అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాడంటే పుస్తకం మూసేసి పడుకోండి. పొద్దున లేచేసరికి బుర్రలో ఏదో ఒక పేరు తేలుతుంది. తప్పైనా ఫరవాలేదు. తప్పు పేరు మనసులో పెట్టుకుని చదివితే, రచయిత మనల్ని ఎక్కడ పక్కదోవ పట్టించాడో అప్పుడే కనపడుతుంది.

ఫోన్లో ముగింపు వెతికేసుకునే అలవాటు గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడకండి. ఉత్కంఠ తట్టుకోలేని మనుషులుంటారు, మా అత్తగారు అలాంటివారే. ఆవిడకి చివరి పేజీ ముందు చదివి వినిపించి, తర్వాత మొదటి పేజీ మొదలుపెట్టేదాన్ని. మీకు ఆ రకం కథలే నచ్చుతాయేమో చూడండి. నేరం ఎవరు చేశారో మొదట్లోనే చూపించి, ఎలా దొరుకుతాడా అని కూర్చోబెట్టే పద్ధతి ఒకటుంది. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లీషు రచయిత 1912లో అచ్చయిన తన కథల పుస్తకంలో దీన్ని ప్రయోగించాడు. అమెరికాలో 1971లో వరసగా రావడం మొదలైన కొలంబో సీరియల్ మొత్తం దాని మీదే నడిచింది. మనవాళ్లందరూ చూసిన ‘దృశ్యం’ కూడా చాలావరకు ఆ పద్ధతిలోదే. 2013లో మలయాళంలో, మరుసటి ఏడాది వెంకటేష్‌తో తెలుగులో వచ్చింది. ఏం జరిగిందో మనకి తెలుసు, పోలీసులకి తెలియదు. అయినా కుర్చీలోంచి లేవలేం. ముగింపు తెలిస్తే రుచి పోతుందన్నది అన్ని కథలకీ వర్తించదు.

పుస్తకం ముందెందుకు? దాచే పద్ధతి ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. పుస్తకం వాక్యంలో దాస్తుంది. "బల్ల మీద కళ్లజోడు, సగం వాడిన మాత్రల అట్ట, తాళంచెవి, పోయిన నెల కరెంటు బిల్లు ఉన్నాయి" అని రాస్తే మన కన్ను మొదటిదాని మీదా చివరిదాని మీదా ఆగుతుంది. అసలు సంగతి మధ్యలో ఉంటుంది. సినిమాలో ఇది కుదరదు. కెమెరా ఆ మాత్రల అట్టని చూపించక తప్పదు, చూపిస్తే మనం చూస్తాం. అందుకని దర్శకుడు అదే సమయానికి ఇద్దరు కొట్టుకోవడమో, ఫోన్ మోగడమో పెడతాడు. సిరీస్ అయితే కాలంలో దాస్తుంది. మొదటి భాగంలో విన్న మాట ఏడో భాగానికి మనం మరిచిపోవాలి. ఎనిమిది భాగాల సిరీస్‌లో మూడో భాగం చివర అరెస్టయినవాడు దాదాపు ఎప్పుడూ హంతకుడు కాడు, ఇంకా ఐదు గంటలు నింపాలి కదా. పేరున్న నటుడు ఏ పనీ లేని చిన్న వేషంలో కనపడితే వాడి మీద ఒక కన్నేసి ఉంచండి. ఇలాంటి బయటి గుర్తులు పుస్తకంలో ఉండవు, కథే మీతో ఆడాలి. ముందు సినిమా చూసేస్తే, పుస్తకంలో ఆ పాత్ర కనపడగానే ఆ నటుడి ముఖం వచ్చి కూర్చుంటుంది, దాన్ని తుడిచేయడం కష్టం.

అలాగని సినిమా తక్కువదని కాదు. పుస్తకం చేయలేని పని ఒకటి అది చేస్తుంది. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు సంగతి వినే ఉంటారు. ఇద్దరు మాట్లాడుకుంటూండగా బాంబు పేలితే మనం పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాం. బాంబు ఉందని మనకి ముందే చూపించి, వాళ్లు తాపీగా కబుర్లాడుతుంటే పదిహేను నిమిషాలు ఊపిరి బిగపడతాం. మన సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే జనాన్ని దాటించే పెద్ద పడవ మీద, గోదావరి దాటడానికి నిలబడ్డ జనాన్ని ఊహించుకోండి. టీ తాగుతున్నారు, పకోడీలు తింటున్నారు, ఒకడి సంచిలో ఏముందో మనకొక్కళ్లకే తెలుసు. ఇది తెర మీద చూడవలసినదే. వంశీ 1985లో తీసిన ‘అన్వేషణ’ మళ్లీ చూడండి, ఈసారి కళ్లకంటే చెవులతో. అడవి చప్పుళ్లు, ఇళయరాజా సంగీతం కలిసి చేసే పనికి సమానమైనది కాగితం మీద నేనెక్కడా చదవలేదు. నవ్వుతూ మొదలుపెట్టాలనుకుంటే మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి ‘చంటబ్బాయ్’ నవల చదివి, 1986లో మన నరసాపురం మనిషి జంధ్యాల గారు చిరంజీవితో తీసిన సినిమా చూడండి. ఒకే డిటెక్టివు కాగితం మీద ఎలా నవ్విస్తాడో, తెర మీద ఎలా నవ్విస్తాడో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

టీవీలో ఒక్కటే చెప్పమంటే 1993లో దూరదర్శన్‌లో వచ్చిన ‘బ్యోమకేష్ బక్షీ’ చెబుతాను. బాసు చటర్జీ తీశారు, రజిత్ కపూర్ వేశారు. బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ 1932లో ఈ పాత్రని మొదలుపెట్టారు. అతను తనని డిటెక్టివ్ అని పిలిపించుకోవడానికి ఇష్టపడడు, సత్యాన్వేషి అంటాడు. ధోవతి కట్టుకుని, ఇంట్లో భార్యతో చిన్న చిన్న తగాదాలు పడుతూ, ఎక్కడా అరవకుండా కేసు తేలుస్తాడు. మా వీధిలో హిందీ రానివాళ్లు కూడా చూసేవారు, ఎందుకంటే ఆ ఇళ్లూ ఆ ఆస్తి తగాదాలూ మనవే. డిటెక్టివ్ అంటే పొడుగు కోటు, పైపు ఉండాలన్న భ్రమ నాకు పోయింది దానితోనే.

పాత తెలుగు డిటెక్టివ్ నవలల గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు లేకపోతే నా షాపు మొదటి ఐదేళ్లు నిలబడేది కాదు. తెలుగు చదవడం సరిగ్గా రాని కుర్రాళ్లు కూడా ఆ పుస్తకాల కోసం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు, నా కళ్లతో చూశాను. చిన్న వాక్యాలు, అడుగడుక్కీ సంభాషణలు, అధ్యాయం చివర తలుపు చప్పుడు. పాత పుస్తకాల షాపుల్లో దొరికితే వదలకండి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ కాలపు డిటెక్టివ్ పుస్తకాల్లో చాలా వాటిలో ఆడవాళ్లు శవంగానో, వగలాడిగానో తప్ప కనపడరు. ఇంగ్లీషు కథని ఎత్తుకొచ్చి ఊరి పేరు మార్చినవి కూడా కొల్లలు. మద్రాసులో మంచు కురిసినంత పని జరుగుతుంది. వాటిని చదివి ఆనందించండి, రాసేటప్పుడు నమూనాగా పెట్టుకోకండి.

న్యాయంగా ఆడటం అన్న మాట మీకు ఈ దారిలో తరచూ తగులుతుంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతగురువు ఈ కథలకి పది నియమాలు రాశాడు. దయ్యాలు, మహిమలు తేకూడదు, ఒకటికి మించి రహస్యపు గదులు ఉండకూడదు, ముందు సూచన ఇవ్వకుండా కవల సోదరుణ్ణి దింపకూడదు, డిటెక్టివుకి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. మన సినిమాల్లో కవలలు ఎన్నిసార్లు ఆదుకున్నారో తలుచుకుంటే ఆ నియమం విలువ తెలుస్తుంది. కానీ నియమాల అంచు మీద నడిచిన పుస్తకాలే ఎక్కువ కాలం నిలిచాయి. అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘రోజర్ ఆక్రాయిడ్ హత్య’ మీద మోసమంటూ అప్పట్లో పెద్ద రభసే అయింది. అరవై ఏళ్ల తర్వాత నా షాపులోనూ అయింది. ఒక ఇంగ్లీషు లెక్చరరు గారు పుస్తకం కౌంటరు మీద కొట్టి, "ఇది దగా" అన్నారు. పక్కనున్న కుట్టుపని మాస్టారు కొడుకు, ఇంటరు చదివే పిల్లాడు, అదే పుస్తకం తీసి నాలుగు చోట్ల చూపించాడు: "ఇక్కడ చెప్పింది సార్, ఇక్కడ కూడా చెప్పింది సార్." లెక్చరరు గారు నిలబడే ఇరవై నిమిషాలు చదివి, డబ్బులిచ్చి మళ్లీ తీసుకెళ్లారు. మీరు చదివే మొదటి పెద్ద నవల అదే కావాలి. దాని గురించి ఎవర్నీ ఏమీ అడక్కండి, పుస్తకం వెనక అట్ట కూడా చదవకండి.

క్రిస్టీ విషాలు ఎలా నేర్చుకుందో తెలిస్తే మీ రాతకి ధైర్యమొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తన ఊరు టార్కీలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. సీసాలు, తూకాలు, ఏది దేనితో కలిస్తే అడుక్కి దిగుతుందో ఆ గదిలోనే చూసింది. 1920లో అచ్చయిన మొదటి నవలలో ఆ పరిజ్ఞానం ఎంత సరిగ్గా ఉందంటే, మందుల వృత్తివాళ్ల పత్రికే మెచ్చుకుంది. ఆవిడ తన చుట్టూ ఉన్నదే రాసింది.

మీ చుట్టూ ఏముందో ఇప్పుడు చెబుతాను.

కాలువలు. దాళ్వా, అంటే రెండో వరి పంట, అయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్లు దిగిపోతాయి, అడుగు బురద బయటపడుతుంది. కార్తీకంలో ఎవడో కాలువలో పారేసిన సైకిలు, కత్తి, ఫోను ఏప్రిల్లో ఎండలో మెరుస్తుంది. దీనికంటే మంచి రెండో అధ్యాయం ఏముంటుంది? నీళ్లు వదిలేలోగా కేసు తేలాలి, ఆ తర్వాత మళ్లీ అంతా మునిగిపోతుంది. గడువు మీరు కల్పించక్కర్లేదు, కాలువే పెడుతుంది.

ఆటుపోట్లు. సముద్రానికి దగ్గర పాయల్లో పడవ నడిపేవాళ్లకి ఇది గడియారం. రోజుకి రెండు పోట్లు, ఏ రోజుకారోజు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. "మంగళవారం రాత్రి పదింటికి పోటు మీద పైకొచ్చాను" అని ఒకడు అబద్ధమాడాడనుకోండి. వాడు ఆదివారం నాటి వేళ గుర్తుంచుకుని చెప్పాడు. మంగళవారానికి అది గంటా నలభై నిమిషాలు జరిగిపోయింది, వాడు చెప్పిన వేళకి పోటు ఇంకా అందుకోనే లేదు. ఊళ్లో చదువుకున్నవాళ్లెవరూ పట్టుకోలేని అబద్ధం ఒక పడవాయన పట్టుకుంటాడు.

రొయ్యల చెరువులు. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల హోరు రాత్రంతా. ఆ చప్పుడులో అరుపు వినపడదు. కానీ కరెంటు పోతే హఠాత్తుగా నిశ్శబ్దం, జనరేటరు వేసేదాకా నాలుగైదు నిమిషాలు. ఆ నిమిషాల్లో కాపలావాడు ఏం విన్నాడు? కరెంటు ఎన్నింటికి పోయిందో సబ్‌స్టేషన్లో రాసి ఉంటుంది. మీ హత్య జరిగిన వేళకి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

లంకలు, యానాం. ఇంగ్లీషువాళ్లు మంచులో చిక్కుకున్న రైలు, తుఫానులో దీవి పెట్టి, బయటివాడు లోపలికి రాలేడని నిరూపిస్తారు. మనకి శ్రావణంలో వరదొస్తే లంక ఊరు చుట్టూ నీళ్లే, పడవ ఒక్కటే దారి, ఎవరొచ్చారో ఎవరెళ్లారో రేవులో అందరికీ తెలుసు. ఇక యానాం పుదుచ్చేరికి చెందినది, చుట్టూ ఆంధ్ర. నాలుగు అడుగులేస్తే పోలీసు మారిపోతాడు. గౌతమి పాయలో తేలిన శవం ఏ స్టేషనుది? ఎక్కడ ఫిర్యాదిచ్చినా తీసుకోవాలన్న జీరో ఎఫ్ఐఆర్ చట్టంలో ఉంది, అయినా ఇద్దరు ఎస్ఐలు గట్టు మీద నిలబడి శవం వంక చూస్తూ మాట్లాడుకునే దృశ్యం మీదే.

చట్టం విషయంలో మాత్రం అజాగ్రత్త వద్దు. పాఠకుల్లో వకీళ్లుంటారు, ఒక్క తప్పుకి పుస్తకం పక్కన పెట్టేస్తారు. మీ కథలో నేరం 2024 జులై 1కి ముందు జరిగితే హత్య ఐపీసీ 302, ఆ రోజు నుంచి జరిగితే భారతీయ న్యాయ సంహిత 103. శవ పంచనామా పాత సీఆర్‌పీసీలో 174, దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని కొత్త చట్టం చెబుతోంది. అన్నిటికంటే ముఖ్యం, స్టేషన్లో పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో నేరం రుజువు చేయడానికి చెల్లదు. ఆ మాటని బట్టి దొరికిన వస్తువు, దానికి సంబంధించిన ముక్క మాత్రమే చెల్లుతుంది. కాబట్టి "అవును, నేనే చంపాను" అని అరిపించి కథ ముగించేయకండి. కత్తి ఎక్కడ పారేశాడో చూపించి, మధ్యవర్తుల ఎదుట దాన్ని తీయించండి. నీళ్లలో దొరికిన శవమైతే ఇంకొక సంగతి: బతికుండగా మునిగితే గుండె కొట్టుకుంటూండబట్టి నీటిలోని డయాటమ్‌లనే కంటికి కనపడని నాచు కణాలు ఎముకల మూలుగ దాకా చేరతాయి, చచ్చాక పడేస్తే అలా చేరవు. ఈ పరీక్ష ప్రతిసారీ తేల్చి చెప్పదు. ఆ తేలకపోవడం కూడా కథకి పనికొస్తుంది.

చివరగా, నేను రాసేవాళ్లందరితో పంచుకునే ఒక సంగతి. తొంభైల్లో ఒకావిడ వారానికి రెండు డిటెక్టివ్ నవలలు తీసుకెళ్లేవారు. వేరే రకం ఇస్తే వద్దనేవారు. ఆవిడ భర్త సైకిలుతో సహా కాలువలో దొరికారు. ప్రమాదమన్నారు, కాగితం మూసేశారు. ఆయనకి ఆ దారిలో వెళ్లవలసిన పని లేదని ఆవిడ నమ్మకం. ఎందుకమ్మా ఇవే చదువుతారని ఒకసారి అడిగాను. పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ, "వీటిల్లో చివరికి తెలుస్తుందండి" అన్నారు. మీరు మొదటి పేజీలో పడుకోబెట్టే శవానికి ఒక ఇల్లుంటుంది, ఆ ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరుంటారు. ఆవిడకి కూడా రెండు పేజీలు ఇవ్వండి. ఓటీటీ సిరీస్‌ల్లో నాకు మింగుడుపడనిది అదే, శవాన్ని అంత దగ్గరగా చూపించి ఇంటివాళ్లని ఒక్క ఏడుపుతో సరిపెట్టేస్తారు.

ఈ వారం ‘సిల్వర్ బ్లేజ్’ చదవండి. కుక్క దగ్గర ఒకసారి, కూర దగ్గర ఒకసారి ఆగి, మీకేమనిపించిందో కాగితం మీద రాసుకున్నాకే చివరి పేజీలు తిప్పండి. మీ కథ ఏ రేవు దగ్గర పెట్టాలనుకుంటున్నారో, ఏ నెలలోనో నాకు రాయండి. అంతర్వేది వైపు ముప్పై ఏళ్లు పడవ నడిపినాయన మా అరుగు మీదకి వస్తారు. ఆ నెలలో పోటు ఎప్పుడెప్పుడు వస్తుందో, చీకట్లో అక్కడ ఏది కనపడుతుందో ఏది కనపడదో అడిగి చెబుతాను.